తొండి ఎవరిది? వీడియో గేమ్ ప్రచార పోటీలలో న్యాయం, నింద

వ్యాససంగ్రహం

అమ్మకాలు పెంచుకోవడానికి వీడియో గేమ్ కంపెనీలు నిర్వహించే బహుమతి పోటీలలో అన్యాయం జరిగిందనే ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. ఆ ఫిర్యాదు చివరికి ఎవరి మీద నిందగా స్థిరపడుతుందన్నది జరిగిన తప్పు కంటే నిబంధనల పాఠం నిర్మితమైన తీరు మీదే ఎక్కువగా ఆధారపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అటారీ సంస్థ ‘స్వోర్డ్‌క్వెస్ట్’ (1982–84), 22క్యాన్స్ సంస్థ ‘క్యూరియాసిటీ’ (2012–13) పోటీలను తెలుగు ఆటల పదజాలం, సభాపర్వంలోని ద్యూతఘట్టం, భారతీయ చట్టాల భాష ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తొండి, ప్రచార పోటీ, నిబంధనల భాష, నింద, సమ్మతి, ద్యూతం, వీడియో గేమ్.

1. దొంగ, తొండి

తెలుగు పిల్లల ఆటల్లో ‘దొంగ’ అనే మాటకు నిందార్థం లేదు. దాగుడుమూతల్లో పంటలు వేసుకున్నాక మిగిలినవాడు దొంగ. అతడు ఏ నేరమూ చేయలేదు. లెక్క అతని మీద ఆగింది, అంతే. తరువాతి ఆటలో ఆ పేరు మరొకరికి పోతుంది. అదే ఆటలో నిజమైన నిందకు వేరే మాట ఉంది: తొండి. కళ్లు మూసుకున్నట్టు నటిస్తూ వేళ్ల సందుల్లోంచి చూడడం, పట్టుబడ్డాక పట్టుబడలేదనడం, ఓడిపోయే సమయానికి కొత్త నియమం పుట్టించడం, ఇవన్నీ తొండే. దొంగ అనేది ఆట ఇచ్చిన పాత్ర, తొండి ఆటకు చేసిన ద్రోహం. ఈ రెండింటినీ పిల్లలు ఎన్నడూ కలపరు.

ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. తొండి చేసే అవకాశం ఆటలో ఉన్న అందరికీ సమానంగా ఉంటుంది కనుక, ఆ ఆరోపణ చేసే హక్కు కూడా అందరికీ సమానంగానే ఉంటుంది. చిన్నవాడు పెద్దవాణ్ణి అనవచ్చు. బంతి ఎవరిదో వాణ్ణి కూడా అనవచ్చు. “నా బంతి, నా ఇష్టం” అని బంతి పట్టుకొని ఇంటికి పోయేవాడి చర్యకు పిల్లలు పెట్టే పేరు యజమాని హక్కు కాదు, తొండి. దాగుడుమూతల్లో కళ్లు మూసే ‘తల్లి’ పాత్ర కూడా ఇక్కడ ముఖ్యమైనదే. ఆమె గెలవదు, ఓడదు. ఫలితంతో ఆమెకు లాభం లేదు కనుకనే ఆమె మాటకు విలువ ఉంటుంది.

వీడియో గేమ్‌ల ప్రచార పోటీలో ఈ అమరిక మొత్తం మారిపోతుంది. బంతి సొంతదారు, తల్లి, లాభం పొందేవాడు ముగ్గురూ ఒకే సంస్థగా మారతారు. తొండి ఆరోపణ కూడా ఒకే దిశలో, నిర్వాహకుడి నుంచి ఆటగాడి వైపుకు మాత్రమే ప్రయాణించగలుగుతుంది. అనేక ఖాతాలు తెరిచినవాడు, బాట్‌లు వాడినవాడు, మార్చిన సాఫ్ట్‌వేర్‌తో ఆడినవాడు అనర్హుడవుతాడు. ఇది అవసరమే. ఒక మనిషి వంద పేర్లతో పాల్గొనే పోటీలో మిగిలిన ఆటగాళ్లకు న్యాయం ఉండదు. అయితే బహుమతి ఇవ్వని నిర్వాహకుణ్ణి నిందించడానికి ఆ నిబంధనల్లో ఒక్క పదమైనా ఉందా అన్నది అడగవలసిన ప్రశ్న.

2. స్వోర్డ్‌క్వెస్ట్: చిక్కుముడి నుంచి ప్రశంస దాకా

ఆన్‌లైన్ పోటీల కాలానికి ముందే వాటి స్వరూపాన్ని పూర్తిగా చూపిన ఉదాహరణ ఒకటి ఉంది. 1982లో అమెరికాలోని అటారీ సంస్థ తన 2600 కన్సోల్ కోసం ‘స్వోర్డ్‌క్వెస్ట్’ అనే నాలుగు ఆటల వరుసను ప్రకటించింది. వాటి పేర్లు ఎర్త్‌వరల్డ్, ఫైర్‌వరల్డ్, వాటర్‌వరల్డ్, ఎయిర్‌వరల్డ్. ఒక్కొక్క ఆటకు ఒక బహుమతి ఉంది. నలుగురు విజేతలు చివరి పోరులో ఒక ఖడ్గం కోసం తలపడాలి. మొదటి నాలుగు బహుమతుల విలువ ఒక్కొక్కటి 25,000 డాలర్లు, ఖడ్గం విలువ 50,000 డాలర్లు, మొత్తం 1,50,000 డాలర్లు. బంగారం, రత్నాలు పొదిగిన ఆ వస్తువులను తయారుచేసినది ఫ్రాంక్లిన్ మింట్. అప్పట్లో అది కూడా అటారీ మాతృసంస్థ వార్నర్ అధీనంలోనిదే.

పోటీ నిర్మాణం తెలుగు పాఠకుడికి పూర్తిగా అపరిచితం కాదు. ప్రతి ఆటతో పాటు డీసీ కామిక్స్ ప్రచురించిన ఒక చిన్న చిత్రకథ వచ్చేది. రచన రాయ్ థామస్, జెర్రీ కాన్వేలది, బొమ్మలు జార్జ్ పెరెజ్‌వి. ఆటలోని గదుల్లో సరైన వస్తువులను సరైన చోట ఉంచితే తెరమీద అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలు చిత్రకథలో పుటను, ఆ పుటలోని గడిని సూచిస్తాయి. ఆ గడి బొమ్మలో ఒక మాట దాగి ఉంటుంది. అలా దొరికిన మాటల్లో అన్నీ పనికిరావు. ఎర్త్‌వరల్డ్‌లో ప్రధానసంఖ్యల పుటల మీద దొరికిన మాటలే లెక్కలోకి వస్తాయి. ఆ రహస్యం కూడా చిత్రకథ ఆరంభంలోని పంక్తుల్లో రెండు మాటలకు వేసిన రంగులోనే దాగి ఉంది. బంధకవిత్వంలో చక్రంలోనో పద్మంలోనో అక్షరాలను దాచే పద్ధతికి ఇది దూరపు చుట్టం. వాటర్‌వరల్డ్ గదుల అమరికకు సప్తచక్రాల భావనను ఆధారం చేసుకోవడం మరొక విశేషం. ఆట రూపకల్పనగా ఎన్ని లోపాలున్నా, పఠనాన్ని ఆటలో భాగం చేసిన ఈ ప్రయత్నం మెచ్చదగినది.

న్యాయం విషయానికి వస్తే, ఎర్త్‌వరల్డ్ పోటీలో పూర్తి సమాధానం పంపినవారు ఎనిమిదిమంది మాత్రమే. 1983 మేలో వారి మధ్య తుదిపోరు జరిగింది, విజేతకు పతకం అందింది. ఇక్కడ ఫిర్యాదుకు తావు లేదు. చిక్కుముడి కఠినమైనదే, కానీ అందరికీ ఒకేలా కఠినమైనది. ఫైర్‌వరల్డ్‌లో పరిస్థితి మారింది. 73 మంది సరైన సమాధానం పంపారు. తుదిపోరుకు 50 మందికే చోటుంది. అప్పుడు నిర్వాహకులు ఆ ఆటలో తమకేం నచ్చిందో రాసి పంపమని వారిని అడిగి, ఆ రచనలను బట్టి 50 మందిని ఎంచుకున్నారు.

ఈ చిన్న మార్పు మీద విమర్శకుడి చూపు నిలవాలి. అంతవరకు పోటీ కొలిచింది పఠన నైపుణ్యాన్ని. ఒక్కసారిగా కొలమానం ప్రశంసగా మారింది. సరైన సమాధానం కనుక్కున్న 23 మంది తొలగిపోయినది వారి సమాధానం తప్పయినందువల్ల కాదు. కంపెనీ సరుకును మిగిలినవారంత ఇంపుగా మెచ్చుకోలేకపోయినందువల్ల. చీటీలు వేసి ఉంటే ఆ 23 మంది దురదృష్టవంతులయ్యేవారు. అంటే పంటల్లో దొంగ అయినవారితో సమానం, వారి మీద మచ్చ ఉండదు. రచన అడగడం వల్ల వారి ఓటమి వారి లోపంగా రూపుదిద్దుకుంది. ప్రచార పోటీ తన అసలు స్వభావాన్ని దాచుకోలేకపోయిన సందర్భం ఇదే. పందెం పతకం కోసమని ఆటగాడు అనుకున్నాడు. నిర్వాహకుడు ఆడుతున్న ఆటలో మొదటినుంచీ కోరుకున్నది ప్రశంసే.

ఫైర్‌వరల్డ్ తుదిపోరు 1984 జనవరిలో ముగిసింది. అప్పటికే అమెరికన్ వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలుతోంది. 1984 జులైలో వార్నర్ సంస్థ అటారీ గృహవినియోగ విభాగాన్ని జాక్ ట్రామియెల్‌కు అమ్మింది. ఎయిర్‌వరల్డ్ ఆట విడుదల కాలేదు. ఖడ్గం కోసం జరగవలసిన చివరి పోరు జరగలేదు. మొదటి రెండు బహుమతులు గెలిచినవారు నిజానికి సగం పోటీనే గెలిచారు. వారు సంపాదించుకున్న మిగిలిన సగం, అంటే ఖడ్గం కోసం పోరాడే అర్హత, సంస్థతో పాటు గాలిలో కలిసిపోయింది. ఇందులో నింద ఎవరికి చెందుతుంది? పోటీ ప్రకటించిన యజమాని ఇప్పుడు యజమాని కాడు. కొత్త యజమాని పోటీ ప్రకటించలేదు. మార్కెట్ పతనానికి ముఖం లేదు. ఆటగాడు తప్పు చేస్తే దానికి పేరు ఉంటుంది, దరఖాస్తు సంఖ్య ఉంటుంది. సంస్థ మాట తప్పితే అది చరిత్ర అవుతుంది.

3. క్యూరియాసిటీ: చివరి గోటిపోటు

2012 నవంబరు 6న బ్రిటన్‌కు చెందిన 22క్యాన్స్ సంస్థ మొబైల్ ఫోన్ల కోసం ‘క్యూరియాసిటీ: వాట్స్ ఇన్‌సైడ్ ద క్యూబ్?’ విడుదల చేసింది. దాని రూపకర్త పీటర్ మాలినూ, ‘పాపులస్’, ‘ఫేబుల్’ ఆటలతో అప్పటికే ప్రసిద్ధుడు. ఆట అతి సరళమైనది. తెరమీద ఒక పెద్ద ఘనం ఉంటుంది. అది వందల కోట్ల చిన్న ఘనాలతో, పొరలు పొరలుగా కట్టినది. ప్రపంచమంతటా ఆటగాళ్లు అదే ఘనాన్ని వేలితో తాకుతూ ఒక్కొక్క ముక్కనూ రాలుస్తారు. చివరి ముక్కను రాల్చినవాడికే లోపల ఏముందో తెలుస్తుంది. అది జీవితాన్ని మార్చేసేంతటిదని మాలినూ ముందే ప్రకటించాడు. బహుమతి ఏమిటో చెప్పకుండానే బహుమతి గొప్పదని నమ్మించడం ఈ పోటీ ప్రత్యేకత. అదే నెలలో ఆ సంస్థ ‘గాడస్’ అనే తన తరువాతి ఆట కోసం ప్రజల నుంచి నిధుల సేకరణ మొదలుపెట్టిందన్న విషయాన్ని దీని పక్కన పెట్టి చదవాలి.

ఆరంభంలో సర్వర్లు తట్టుకోలేకపోయాయి. కొందరు తాము కూడబెట్టిన నాణేలను కోల్పోయారు. సంస్థ క్షమాపణ చెప్పింది. తరువాత డబ్బు చెల్లించి ముక్కలను త్వరగా తీసేయడానికీ, తిరిగి చేర్చడానికీ కూడా వీలు కల్పించింది. అంటే ఒకరు రాల్చినదాన్ని మరొకరు డబ్బిచ్చి మళ్లీ అతికించవచ్చు. శ్రమకు, దాని ఫలితానికి మధ్య ఉండవలసిన సంబంధం మీద ఇంతకంటే చేదైన వ్యంగ్యం ఊహించడం కష్టం. అది వ్యంగ్యంగా కాక సౌకర్యంగా అమ్ముడుపోవడం మరీ విచిత్రం.

2013 మే 26న ఘనం పూర్తిగా కరిగింది. చివరి ముక్క తీసినవాడు ఒక స్కాటిష్ యువకుడు. అతడు ఆటలో చేరి ఎంతోసేపు కాలేదు. లోపల మాలినూ మాట్లాడే ఒక వీడియో ఉంది. ‘గాడస్’ ఆటలో ఆ విజేత అందరు ఆటగాళ్లకూ దేవుడుగా ఉంటాడని, ఆ ఆట ఆదాయంలో అతనికి వాటా దక్కుతుందని ఆ వీడియో చెప్పింది.

నెలల తరబడి వేళ్లు అరగదీసుకున్నవారికి ఇది అన్యాయంగా అనిపించడం సహజం. కానీ వారి అసంతృప్తిని సరిగా విడదీసి చూడాలి. చివరి తాకిడి ఎవరిదైతే వారిదే బహుమతి అన్నది ముందే చెప్పిన నియమం. దాని ప్రకారం యువకుడు గెలిచాడు, తొండి చేయలేదు. ఎక్కువ శ్రమించినవాడికి ఎక్కువ దక్కాలనే న్యాయం ఒకటి, నియమం ప్రకారం దక్కాలనే న్యాయం మరొకటి. ఈ పోటీ రెండోదాన్ని పాటిస్తూ మొదటిదాన్ని ఆశగా చూపింది. కోట్ల తాకిళ్లు లేకపోతే చివరి తాకిడి లేదు. ఆ కోట్ల తాకిళ్లకు కూలి మాత్రం లేదు. ఊరంతా కలిసి బావి తవ్వితే నీరు పడిన క్షణాన గునపం ఎవరి చేతిలో ఉంటే బావి అతనిదన్నట్టు! విసుగు చెందిన ఆటగాడికి ఎదురుగా కనిపించేది గునపం పట్టుకున్నవాడే. బావి తవ్వించినవాడు గట్టుమీద ఉంటాడు.

అసలు అన్యాయం ఆ తరువాత జరిగింది. 2015 ఫిబ్రవరిలో యూరోగేమర్ పత్రిక ఆ విజేతతో మాట్లాడి రాసిన కథనంతో, అతనికి అప్పటికి ఏమీ అందలేదని లోకానికి తెలిసింది. దేవుడి పాత్రకు అవసరమైన బహుళ ఆటగాళ్ల విభాగం ‘గాడస్’లో రానే లేదు. ఆదాయంలో వాటా దానితో ముడిపడి ఉంది. విభాగం రాలేదు కనుక వాటా మొదలు కాలేదు. మాలినూ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆ వారంలోనే మరో పత్రిక చేసిన ఇంటర్వ్యూ, అబద్ధాలాడడం అతని జబ్బా అనే అర్థం వచ్చే ప్రశ్నతో మొదలైంది. ఇక పత్రికలతో మాట్లాడనని అతడు ప్రకటించాడు. ‘గాడస్’ 2023లో స్టీమ్ విక్రయశాల నుంచి తొలగిపోయింది.

ఆ ఇంటర్వ్యూలోని మొదటి ప్రశ్న ధైర్యమైన పాత్రికేయంగా చాలామంది ప్రశంసలు పొందింది. విమర్శగా చూస్తే అది బలహీనమైన ప్రశ్న. ఒక మనిషి స్వభావాన్ని దోషిగా నిలబెట్టడంతో పోటీ నిర్మాణం దోషం నుంచి తప్పించుకుంది. మాలినూ సత్యసంధుడే అయినా ఫలితం మారేది కాదు. బహుమతిని ఇంకా తయారుకాని ఆటలోని ఇంకా తయారుకాని భాగానికి ముడివేసిన నాడే, ఆ బహుమతి ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం నిర్వాహకుడి పనుల పట్టికలో ఒక పద్దుగా మారిపోయింది. పనుల పట్టికకు నైతికబాధ్యత ఉండదు. ‘ఆలస్యమవుతోంది’ అనే క్రియకు కర్తను వెతకడం ఎంత కష్టమో ఆ యువకుడికి తెలిసి ఉండాలి.

4. కర్త లేని వాక్యాలు

ఈ కర్తృలోపం యాదృచ్ఛికం కాదు. ప్రచార పోటీల నిబంధనలు ఒక ప్రత్యేకమైన గద్యశైలి. తెలుగులో దాని నమూనాలు అందరికీ తెలిసినవే. “షరతులు వర్తిస్తాయి” అనే వాక్యంలో కర్త షరతులే. వాటిని విధించినవాడు, వర్తింపజేసేవాడు వాక్యంలో లేడు. షరతులు ఎండలా వానలా తమంతట తాము వర్తిస్తాయి. “అనివార్య కారణాల వల్ల పోటీ రద్దు చేయబడింది” అన్నప్పుడు తెలుగుకు అంతగా సరిపడని కర్మణిప్రయోగం కేవలం కర్తను దాచడానికే పనికివస్తుంది. వ్యవహారంలో ఎవరూ “అన్నం తినబడింది” అనరు. పోటీ రద్దు మాత్రం చేయబడుతుంది. అదే పాఠంలో ఆటగాడి తప్పు దగ్గరికి వచ్చేసరికి వ్యాకరణం ఒక్కసారిగా స్పష్టమవుతుంది: ‘ఎవరైతే ఒకటి కంటే ఎక్కువ ఖాతాలు ఉపయోగిస్తారో వారు…’ ఇక్కడ కర్త ఉన్నాడు, క్రియ ఉంది, శిక్ష కూడా ఉంది.

వీటన్నిటికీ పెద్దన్న “నిర్వాహకుల నిర్ణయమే తుది నిర్ణయం” అనే వాక్యం. తెలుగు వారపత్రికల కథల పోటీ ప్రకటనల్లో దీనికి జంటగా “ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు” అనే వాక్యం దశాబ్దాలుగా నడుస్తోంది. ఈ వ్యాసం చదివేవారిలో కొందరు కథ పంపిన రోజుల్లో ఆ వాక్యాన్ని చదివి, తలూపి, తపాలాబిళ్ల అతికించినవారే అయివుంటారు. పత్రిక విషయంలో ఆ నియమానికి కొంత సమర్థన ఉంది. కథ మంచిచెడ్డలు అభిరుచికి సంబంధించినవి, ఎవరో ఒకరి తీర్పు అక్కడ అనివార్యం. వీడియో గేమ్‌లో గెలుపోటములు యంత్రం నమోదుచేసే అంకెలు. అంకెల మీద తుది నిర్ణయం అనే మాటకు అర్థం ఏముంటుంది? ఉన్న ఒకే అర్థం, అంకెల పుస్తకాన్ని చూపించనక్కరలేదన్నది. సాహిత్య అభిరుచిని కాపాడడానికి పుట్టిన వాక్యం ఇక్కడ లెక్కలను కాపాడుతోంది.

నిబంధనలకు ఆటగాడు ముందే ఒప్పుకున్నాడు కదా అనే సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తెలుగు సాహిత్యంలో ఈ సమాధానాన్ని పరీక్షకు పెట్టిన ఘట్టం నన్నయ సభాపర్వంలోనే ఉంది. భారతకథలో ధర్మరాజు పిలుపును అంగీకరించే వచ్చాడు. సభ ఎదుటివారిది, పాచికలు ఎదుటివారివి. పణం ఒడ్డేవాడు దుర్యోధనుడు, అతని బదులు పాచికలు వేసేవాడు శకుని. ఒకరి కోసం మరొకరు ఆడడం సరికాదన్న ఆక్షేపణ ధర్మరాజు నోటనే వస్తుంది. అయినా అతడు కూర్చుంటాడు. అంటే సమ్మతి ఉంది, సమ్మతికి ముందే అసమానత గురించిన ఎరుకా ఉంది. ద్రౌపది అడిగిన ప్రశ్న ఈ సమ్మతిని లోపలినుంచి బద్దలు చేస్తుంది. తన్ను తాను ముందు ఓడి తరువాత నన్ను ఒడ్డాడా, నన్ను ముందు ఒడ్డాడా అని ఆమె అడుగుతుంది. పాచికలు ఎలా పడ్డాయన్నది ఆమె ప్రశ్న కాదు, ఆ పందేనికి అసలు అర్హత ఉందా అన్నది. ఆట నియమాల లోపల సమాధానం లేని ప్రశ్న అది. అందుకే భీష్ముడంతటివాడు ధర్మసూక్ష్మమంటూ తడబడతాడు. వికర్ణుడు ఒక్కడు మాట్లాడితే, కర్ణుడు ఆ కుర్రవాడికి వయసు చాలదన్నట్టు తోసిపుచ్చుతాడు. అంతేకాని వాదానికి వాదంతో బదులు చెప్పింది తక్కువ.

ఒక స్త్రీ పరాభవాన్ని ఒక ఫోన్ ఆట బహుమతితో తూచడం ఇక్కడ ఉద్దేశం కాదు. తూచవలసినది ప్రశ్న నిర్మాణాన్ని. ప్రచార పోటీలో అన్యాయం జరిగిందని అడిగినవాడికి “మీరు నిబంధనలకు అంగీకరించారు” అనే జవాబు వస్తుంది. తన అధీనంలో లేనిదాన్ని ధర్మరాజు ఎలా ఒడ్డగలడని ద్రౌపది అడిగినట్టే, ఇంకా తయారుకాని దాన్ని సంస్థ ఎలా ఒడ్డగలదని విజేత అడగవలసి ఉంది. ‘గాడస్’లోని దేవుడి పదవి ఆ సంస్థ దగ్గర లేదు. లేనిదాన్ని ఒడ్డి, వందల కోట్ల తాకిళ్లను గెలుచుకుంది.

తోటి ఆటగాళ్ల నిందకూ ఇదే సభలో పోలిక దొరుకుతుంది. సభలో ఎక్కువమంది చూసేది ఓడినవాడి బుద్ధిహీనతనే, ఆట పెట్టినవాడి బుద్ధిని కాదు. ఆటగాళ్ల మధ్య నడిచే తగాదాలూ అలాగే ఉంటాయి. మిత్రుల చేత రిఫరల్ కోడ్ వాడించి పాయింట్లు కూడబెట్టినవాణ్ణి ఒకరు మోసగాడంటారు. పోటీయే ఆ పనికి పాయింట్లు ఇచ్చిందన్న సంగతి చర్చలోకి రాదు. బాగా ఆడినవాడు హ్యాకర్ అవుతాడు, ఆలస్యంగా వచ్చి గెలిచినవాడు అదృష్టపు జాతకుడవుతాడు. అందుబాటులో ఉన్నవాణ్ణే నిందించగలం. నిర్వాహకుడు ఒక ఈమెయిల్ చిరునామా, దాని నుంచి స్వయంచాలిత జవాబు వస్తుంది.

5. చట్టం గుర్తించే పందెం

భారతీయ చట్టం ఈ విషయంలో పాత అనుభవం ఉన్నదే. పత్రికల్లో పదవినోదపు పోటీలు పెద్ద మొత్తాలతో నడిచిన కాలంలో వచ్చిన 1955 నాటి బహుమతి పోటీల చట్టం, అక్షరాలు, పదాలు, అంకెల కూర్పు మీద ఆధారపడే పోటీల బహుమతులకు నెలకు 1,000 రూపాయల హద్దు పెట్టింది. ‘స్వోర్డ్‌క్వెస్ట్’ చిక్కుముడి ఇక్కడ జరిగివుంటే ఆ నిర్వచనానికి అతి దగ్గరగా వచ్చేది. ఈ చట్టాన్ని సవాలు చేసిన కేసులో సుప్రీంకోర్టు 1957లో జూదానికి, నైపుణ్యం ప్రధానమైన పోటీకి మధ్య గీత గీసింది. దశాబ్దం తరువాత, సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం గల ఆట అని తేల్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి డబ్బు పందెంతో సాగే ఆన్‌లైన్ ఆటలకు ఈ మినహాయింపు లేకుండా చేశాయి. 2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ అదే దారి పట్టింది. నైపుణ్యమా అదృష్టమా అన్నదానితో నిమిత్తం లేకుండా, గెలుపు ఆశతో డబ్బో దానికి సమానమైనదో చెల్లించి ఆడే ఆటను నిషేధించింది.

ఈ సుదీర్ఘ చర్చంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది: ఆటలో నైపుణ్యం ఎంత, పందెంలో డబ్బు ఎంత. ప్రచార పోటీ ఈ రెండింటి మధ్యనుంచి జారిపోతుంది. ఆటగాడు సాధారణంగా రొక్కం ఒడ్డడు. గంటలు ఒడ్డుతాడు, మిత్రుల ఫోన్ నంబర్లు ఒడ్డుతాడు, తన పేరుతో ఒక సరుకును మెచ్చుకునే మాటలు ఒడ్డుతాడు. ఫైర్‌వరల్డ్‌కు వచ్చిన ఆ రచనలు అలాంటి పణమే. వీటిని పణంగా లెక్కించే మాట చట్టభాషలో ఇంకా స్థిరపడలేదు. ఒడ్డినవాడికి మాత్రం అవి పోయిన సంగతి తెలుస్తూనే ఉంటుంది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం నిర్వాహకుడి వైపు చూపు తిప్పింది. అనుచిత వాణిజ్య పద్ధతుల నిర్వచనంలో అది రెండు విషయాలను చేర్చింది. ఒకటి, ఇవ్వకూడదన్న ఉద్దేశంతోనే బహుమతులు ప్రకటించడం. రెండు, ఉచిత బహుమతుల పథకం ముగిశాక తుది ఫలితాలను పాల్గొన్నవారికి తెలియనివ్వకపోవడం. విదేశాల్లో జరిగిన ఈ రెండు పోటీలకూ ఆ చట్టం వర్తించదు. అయినా దాని భాషను కొలబద్దగా వాడి చూడవచ్చు. ‘క్యూరియాసిటీ’ ఫలితం దాచలేదు. విజేత ఎవరో లోకమంతా విన్నది. కనుక రెండో అంశం కింద దోషం లేదు. మొదటి అంశంలో ‘ఉద్దేశం’ అనే మాట అడ్డుగా నిలుస్తుంది. ఇవ్వాలనే ఉద్దేశం ఉండి, ఇవ్వడానికి కావలసినది కట్టలేకపోయిన నిర్వాహకుడు ఆ మాట వెనుక సురక్షితంగా ఉంటాడు. ‘స్వోర్డ్‌క్వెస్ట్’ కూడా అంతే. 1982లో ఖడ్గం ఇవ్వకూడదని ఎవరూ అనుకొని ఉండరు.

పిల్లల ఆటలో తొండికి ఉద్దేశం అడగరు. వేళ్ల సందుల్లోంచి చూశాడా లేదా అన్నదే అడుగుతారు. చూడాలని అనుకోలేదని ఎవడైనా వాదిస్తే, ఆ పందెం చెల్లదని చెప్పి మళ్లీ పంటలు వేస్తారు. నిందను పక్కనపెట్టి ఆటను సరిచేసే పద్ధతి అది. ప్రచార పోటీల నిబంధనల్లో పోటీని రద్దు చేసే అధికారం ఎప్పుడూ ఉంటుంది. మళ్లీ పంటలు వేయవలసిన బాధ్యత గురించిన వాక్యం ‘స్వోర్డ్‌క్వెస్ట్’ ఆటగాళ్లకూ, ‘క్యూరియాసిటీ’ విజేతకూ ఉపయోగపడే రూపంలో ఎక్కడా లేకపోయింది.